నాలుగు మూలల పసుపు

పోయిన నెలలో ఆధార్ కార్డు నకలు తీయించుకోవడానికి గోపాలపట్నంలో మా వీధి చివరనున్న నెట్ సెంటరుకు వెళ్లి, నా వంతు కోసం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు, నాకంటే ముందు వచ్చిన ఒక తల్లీ కూతురూ డిగ్రీలో చేరడానికి దరఖాస్తు చేయించుకుంటూ కనిపించారు. ఆ అమ్మాయి సెల్‌ఫోను చూసి అంకెలు చదువుతూంటే ఆపరేటరు టకటక కొట్టుకుంటూ పోయాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. అంతసేపూ ఆ తల్లి కూతురి కుర్చీ వెనకాల నిలబడి, ఒకసారి కొంగు సర్దుకుని, ఒకసారి కుర్చీ వీపు పట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉండి, చివరికి ఎవరినీ ప్రత్యేకంగా ఉద్దేశించకుండానే, "అయిపోనాదా? ఇంతేనా?" అంది. ఆపరేటరు తల ఊపాడు. వాళ్లు వెళ్లిపోయారు. నా పేరు పిలిచినా నాకు వినిపించలేదు. ఆ తల్లి చేతుల దగ్గరే నా మనసు ఆగిపోయింది.

నేను ఈ నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో, ప్రవేశాల విభాగంలో, ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ పొందాను. ప్రవేశాల విభాగమంటే జూన్, జూలై నెలల్లో తప్ప పని ఉండదని మా కళాశాలలోనే చాలామంది అనుకునేవారు గాని, ఎవరికి తలుపు తెరుచుకోవాలో, ఎవరికి మూసుకోవాలో నిర్ణయించే చిన్న చిన్న వాక్యాలన్నీ మిగిలిన పది నెలల్లోనే మా బల్లల మీద తయారవుతాయన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మా వంశంలో డిగ్రీ చదివినవాడిని నేనే మొదటివాడిని. మా నాన్న ఆనందపురం అవతల పల్లెలో వ్యవసాయం వదులుకుని వచ్చి పోర్టులో కళాసీగా చేరినవాడు. నేను చదువుకునేనాటికి మా ఇంట్లో కాగితమన్నది ఏదైనా ఉంటే, అది రేషను కార్డు, నాన్న గేటు పాసు, అంతే. అందుచేత కాగితమంటే మా ఇంట్లో భక్తి, భయం రెండూ సమానంగా ఉండేవి.

నా ఈడువారికి ఆ రోజుల దరఖాస్తులు గుర్తుండే ఉంటాయి. కౌంటరులో ఫారం కొనుక్కుని, కొట్టివేతలు పడకుండా ముందు తెల్లకాగితం మీద రాసి చూసుకుని, తరువాత సిరా కలంతో అసలు ఫారం నింపి, నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం కోసం తెలిసినవారిని బతిమాలుకునేవాళ్లం. నా సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టినది ఒక పశువైద్యుడు. ఆయన చేతులు కడుక్కుని వచ్చేవరకూ ఒక కుంటి ఆవు పక్కన నేను అరగంటసేపు నిలబడ్డాను. ఆ ఫారం ఎంత దూరం ప్రయాణించినా, చివరికి ఒక గుమాస్తా చేతికి వచ్చి, ఆయన కళ్లజోడు కింద ఒక్కో వరుసా చదవబడేది. అది అప్పట్లో మాకు పెద్ద విశేషంగా తోచలేదు.

నేను ఉద్యోగంలో కుదురుకున్న కొన్నేళ్లకు కంప్యూటరు వచ్చింది. దానితోపాటు కొత్త ఫారం వచ్చింది. పేరు, మార్కులు, కులం, తండ్రి చదువు, కోరుకున్న కోర్సు, అన్నీ చిన్న చిన్న గులాబీరంగు సున్నాలుగా ఉండేవి. వాటిని పెన్సిలుతో నల్లగా నింపాలి. కాగితానికి నాలుగు మూలలా నాలుగు నల్లని చదరాలు అచ్చువేసి ఉండేవి. యంత్రం ఆ చదరాలను ఆనవాలుగా పట్టుకుని కాగితం ఏ వైపు ఉందో, ఏ సున్నా ఎక్కడుందో పోల్చుకుంటుందని మాకు చెప్పారు. ఆ యంత్రాన్ని పెట్టిన చల్లని గదిలోకి మేము చెప్పులు బయట విడిచి వెళ్లేవాళ్లం. అంతకుముందు మూడు వారాలు పట్టే పని ఒక పూటలో అయిపోవడం చూసి, అందరితోపాటు నేనూ మురిసిపోయాను.

యంత్రం చదవలేని కాగితాలు పక్కనున్న వేరే అరలో పడేవి. వాటిని కట్టగా కట్టి, పైన అట్ట పెట్టి, అట్ట మీద "తిరస్కరించబడినవి, సరిచూడబడినవి" అని రాసి, విభాగంలో చిన్నవాడినైన నేను సంతకం చేయాలి. సరిచూడడమంటే ఏమిటని నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. చిరిగినవో, సరిగా నింపనివో అయి ఉంటాయని అందరూ అనుకునేవారు. మొదటి ఏడాది సంతకం చేశాను. రెండవ ఏడాది కూడా చేశాను. ఆ కట్టలు బీరువా పైకి ఎక్కి, ఏడాది తిరిగేసరికి చిత్తుకాగితాలతో కలిసి వెళ్లిపోయేవి.

మూడవ ఏడాది ప్రవేశాల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన మర్నాడు ఉదయం, మా కిటికీ ముందుకు ఒకామె వచ్చింది. ఆనందపురం పూలమార్కెట్టులో మల్లెలు, కనకాంబరాలు దించి, అటునుంచి అటే బస్సెక్కి వచ్చిందని తరువాత తెలిసింది. ఆమె వెనకాల సన్నగా ఉన్న ఒక అమ్మాయి, మార్కుల పత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నిలబడి ఉంది. ఆ అమ్మాయి పేరు జాబితాలో లేదు. కవరు ఇటు తిప్పి చూపించమని నేను అడగకుండానే తల్లి తిప్పించింది. జాబితాలో ఉన్నవారిలో సగంమందికంటే ఆ అమ్మాయి మార్కులు ఎక్కువ. నేను ఆ సంగతి గమనించి కూడా, ఆ ఉద్యోగంలో అలవాటైపోయిన మాటే చెప్పాను, జాబితాలో లేకపోతే మేం చేయగలిగింది ఏమీ లేదమ్మా అని.

"తక్కువ మార్కులోల్ల పేర్లున్నాయి కదా బాబూ. మా పిల్ల కాగితం ఏటయినాదో ఒకపాలి సూసి సెప్పు."

చూస్తానన్నాను. చూడలేదు. రెండవ రోజు ఆమె మళ్లీ వచ్చింది. ఆ రోజు ఇంకో సంగతి చెప్పింది. సోమవారంనాడు తన తమ్ముడు ఆ పిల్లను పరవాడలో మందుల కంపెనీకి తీసుకువెళ్లి ప్యాకింగు పనిలో పెడతానన్నాడనీ, సీటు వస్తే సరే, రాకపోతే ఇంట్లో కూర్చోబెట్టి ఏంచేస్తావని అడిగాడనీ, అతనన్నదాంట్లో తప్పేమీ లేదనీ. అమ్మాయి కిటికీ చువ్వల మధ్యనుంచి లోపలున్న బీరువాల వైపు చూస్తూ నిలబడింది.

మూడవ రోజు శనివారం. ఆమె వచ్చి కిటికీ పక్కన మెట్టు మీద కూర్చుంది. మా విభాగంలో అటెండరుగా ఉన్నతను మా ఊరివాడే, నాకు వరుసకు బావ. అతను టీ గ్లాసులు తీసుకువస్తూ ఆమెను దాటి వచ్చి నా బల్ల దగ్గర ఆగాడు.

"ఏటి బావా, ఆయమ్మకి రేపట్నుంచి హాజరు పట్టీలో పేరు రాసీమంతావా? నీకన్నా ముందే వచ్చేత్తంది ఆఫీసుకి."

"జాబితాలో లేదు బావా. నేనేం చేసేది?"

"జాబితాలో లేదని ఆయమ్మకీ తెల్సు. నీకు తెలీంది ఏటో అది సూడు."

అతను ఏడవ తరగతి వరకే చదువుకున్నాడు. ఆ మాట అని గ్లాసులు కడగడానికి వెళ్లిపోయాడు. నాకు సిగ్గు వేసింది. భోజన విరామంలో స్టూలు వేసుకుని బీరువా పైనుంచి, అప్పటికే సంతకం పెట్టేసిన ఆ ఏటి కట్ట దించి, ముడి విప్పాను.

విప్పగానే మొదట తగిలినది వాసన. పచ్చి పసుపు వాసన, దానితో కొంచెం కుంకుమ, కొంచెం కొబ్బరినూనె. పై కాగితం చూశాను. సున్నాలన్నీ చక్కగా, గీత దాటకుండా నింపి ఉన్నాయి. ఒక్క పొరపాటు లేదు. నాలుగు మూలలా, నల్లని చదరాల మీద, తడిపసుపు అద్ది మధ్యలో కుంకుమబొట్టు పెట్టి ఉంది. తడికి కాగితం ఉబ్బి, ఎండాక మూలలు గరుకుగా ముడుచుకుపోయాయి. దాని కింద కాగితమూ అంతే. దాని కిందిది రెండు మూలలే. ఒకదాని మూల చదరాన్ని ఆనుకుని చిన్న శిలువ గీసి ఉంది, ఇంకొకదానికి అక్కడే "శ్రీరామ" అని ఉంది. నిజంగా చిరిగినవి, తప్పుగా నింపినవి లేకపోలేదు గాని, వాటిని ఏరి పక్కన పెడితే అవి పలచని కట్ట అయ్యాయి. పసుపు కాగితాలే మందంగా మిగిలాయి. చిరునామాలు చూస్తే అన్నీ పల్లెలు, పోర్టు కాలనీల వెనక వీధులు. తండ్రి చదువు అన్న చోట అన్నింటిలోనూ ఒకే సున్నా నింపి ఉంది, నిరక్షరాస్యుడు అన్న సున్నా.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నా దరఖాస్తు పోస్టు చేసేముందు ఆమె స్నానం చేసి వచ్చి, దాన్ని పీట మీద పెట్టి, నాలుగు మూలలా పసుపు పెట్టింది. కొత్త బట్ట అయినా, కొత్త నాగలి అయినా, ఏది మొదలుపెట్టినా ఆమెకు తెలిసిన పద్ధతి అదే. చదవడం రాని తల్లి కొడుకు చదువు కాగితానికి చేయగలిగిన పని అదొక్కటే. ఆ కాలపు గుమాస్తా ఎవరో ఆ పసుపును బొటనవేలితో తుడిచి, ముద్ర వేసి, నన్ను లోపలికి రానిచ్చాడు. అదే గుమాస్తా కుర్చీలో నేను కూర్చుని, రెండేళ్లపాటు అలాంటి తల్లుల కాగితాలను విప్పి చూడకుండా సంతకం పెట్టి చిత్తుకు పంపాను. ఆ అమ్మాయి కాగితం కట్టలో అయిదవది.

కట్ట పట్టుకుని మా సూపరింటెండెంటు గారి దగ్గరకు వెళ్లాను. ఆయనది గోదావరి జిల్లా, పోర్టు ఉద్యోగానికి వచ్చిన అన్నగారి వెంట ఈ ఊరు వచ్చి స్థిరపడినవారు. నియమం తప్పి ఒక్క అడుగు వేయరని పేరు. ఆయన కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"దరఖాస్తు మీద ఏ గుర్తూ ఉండకూడదని మనమే అచ్చువేశామండి. పసుపు గుర్తు కాదని మీరెలా అంటారు?"

ఆయన నియమావళి పుస్తకం తెరిచి, నావైపు కాక కిటికీ వైపు చూస్తూ, దరఖాస్తుదారు చేసిన తప్పయితే ఎవరూ ఏమీ చేయడానికి లేదనీ, ఆఫీసు చేసిన తప్పయితే మాత్రం జాబితాలోని పిల్లలకు ఇంటర్వ్యూలు మొదలయ్యేలోగా సరిదిద్దే అధికారం ప్రిన్సిపాలు గారికి ఉందనీ, చదివినట్టు కాక చెప్పినట్టు చెప్పారు. ఇంటర్వ్యూలు మంగళవారం మొదలవుతాయి. ఆయన పుస్తకం మూసి, కళ్లజోడు పెట్టుకుని, తన పనిలో పడిపోయారు. ఆఫీసు తప్పు ఏమిటో, అది ఎవరి సంతకం కిందుందో ఆయన నోటితో అననక్కరలేదు.

నా బల్ల దగ్గరకు వచ్చి ప్రిన్సిపాలు గారి పేర ఒక నోటు రాశాను. తిరస్కరించబడిన దరఖాస్తులను సరిచూడవలసిన బాధ్యత నాదనీ, సరిచూడకుండానే సరిచూసినట్టు సంతకం చేశాననీ, క్రిందటి రెండేళ్లు కూడా అలాగే చేశాననీ, ఈ కాగితాల్లోని వివరాలన్నీ స్పష్టంగా ఉన్నందున వాటిని పరిశీలించవలసిందిగా ప్రార్థిస్తున్నాననీ రాశాను. అందులో "క్రిందటి రెండేళ్లు కూడా" అన్న మాట రాయకుండా ఉండవచ్చు. రాసేముందు కలం కొంతసేపు ఆగిందన్న సంగతి ఇప్పుడు చెప్పడానికి నాకు మొహమాటం లేదు. అప్పటికి పెళ్లయి ఏడాది, ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేనివాడిని.

ప్రిన్సిపాలు గారు ఆదివారం ఉదయం మమ్మల్ని పిలిపించి, తన గదిలోనే కూర్చోబెట్టి, తన కళ్ల ముందు ఆ దరఖాస్తులన్నింటినీ కొత్త ఫారాల మీదకి ఎత్తి రాయించారు. నేను చదువుతూంటే సూపరింటెండెంటు గారు పెన్సిలుతో సున్నాలు నింపారు. బావ పెన్సిళ్లు చెక్కుతూ, మధ్యలో ఒకసారి, "మాయమ్మ కూడా నా రేషను కార్డుకి ఎట్టింది బావా పసుపు. అందుకే ఇంతవరకూ ఎవుడూ కొట్టీనేదు నా కార్డు," అన్నాడు. ఎప్పుడూ నవ్వని సూపరింటెండెంటు గారు కూడా నవ్వారు. సోమవారం ఉదయం పది గంటలకు అనుబంధ జాబితా బోర్డు మీదకి వచ్చింది. అందులో ఆ అమ్మాయి పేరు రెండవది. అదే రోజు సాయంత్రం నాకు సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. న్యాయమైన మెమో. దాని మూలంగా ఒక ఇంక్రిమెంటు ఆలస్యమైంది. ఉద్యోగ జీవితం మొత్తంలో నాకు వచ్చిన కాగితాల్లో భద్రంగా దాచుకున్నది అదొక్కటే.

శనివారమే బావ చేత చెప్పించినందున, తల్లీ కూతుళ్లు పరవాడ ప్రయాణం ఆపుకుని, ఆ సోమవారం బోర్డు చూసుకుని కిటికీ దగ్గరకు వచ్చారు. ఆమె ఏడవలేదు, దండాలు పెట్టలేదు. ఆమెకు ఒక్క సంగతి తెలియాలి.

"ఇంతకీ మా పిల్ల కాగితంలో తప్పేటి బాబూ?"

నిజం చెబితే, కూతురి చదువును ఇంచుమించు పోగొట్టినది తన చేతి పసుపేనని ఆమె ఇంటికి మోసుకుపోతుంది. తప్పు మీది కాదమ్మా, మిషను సరిగా చదవలేదు అన్నాను.

"దసరాకి ఆ మిషనుకి పసుపెట్టినారా?"

లేదన్నాను.

"మరదే. ఎట్టుండరు. వచ్చే దసరాకి ఎట్టండి బాబూ, సక్కగా సదువుతాది."

వెనకాలున్న అమ్మాయి అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూసింది. తరువాత తల్లి చేతివేళ్ల వైపు చూసి, తల దించుకుంది. తల్లిని రెక్క పట్టుకుని మెల్లగా తీసుకుపోయింది.

మరుసటి ఏడాది ఫారాలు అచ్చుకు పంపే రోజుల్లో, సూచనల పత్రంలో పసుపు, కుంకుమ పెట్టరాదు అని ఒక వాక్యం చేర్చాలని నేను ముసాయిదా రాసుకుంటూండగా, మొదటి సంవత్సరం పూర్తి కావస్తున్న ఆ అమ్మాయి స్కాలర్‌షిప్ పని మీద కిటికీ దగ్గరకు వచ్చింది. ఏమి రాస్తున్నారని అడిగింది. చెప్పాను. పసుపు సంగతి తనకు తెలుసని నేను ఎరుగుదును, నేనెరుగుదునని తనకూ తెలుసు, అయినా ఏడాదిగా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

"వద్దంటే అమ్మలు భయపడిపోతారు సార్. ఊరుకోలేరు. ఎట్టుకోడానికి ఏదో ఒకటి ఇచ్చేయండి. కవరియ్యండి సార్."

అంత చదువు చదివి, అన్ని నియమావళులు బట్టీపట్టిన నాకు ఆ ఆలోచన రాలేదు. ఆ ఏడాది నుంచి ప్రతి ఫారంతోపాటు ఒక ఖాకీ కవరు ఇచ్చాం. సూచనల్లో ఏం రాయాలన్నదాని మీద సూపరింటెండెంటు గారు రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి "దరఖాస్తుదారులు శుభసూచకములైన చిహ్నములను కవరుపై మాత్రమే ఉంచవలెను" అన్న వాక్యాన్ని తమ చేత్తో రాశారు. అది చదివి అర్థం చేసుకోగలిగిన తల్లి ఒక్కరూ ఉండరు గనుక, మే నెల వచ్చేసరికి నేనూ బావా ఫారాలు సంచిలో వేసుకుని ఆనందపురం, పరవాడ వైపు జూనియర్ కాలేజీలకు బయలుదేరేవాళ్లం. నేను పిల్లలకు సున్నాలు నింపడం చూపించేవాడిని. బావ బయట చెట్టు నీడన తల్లులను కూర్చోబెట్టుకుని, లోపల కాగితం మిషనుది, పైన కవరు మీది, దాని మీద మీ ఇష్టం వచ్చినంత ఎట్టుకోండి అని చెప్పేవాడు. నా మాటకంటే అతని మాటే ఎక్కువ పనిచేసింది. జూన్ వచ్చేసరికి మా గదంతా పసుపు కవర్లతో పెళ్లివారిల్లులా ఉండేది. కవర్లు తీసి పక్కన పెట్టి, తెల్లగా ఉన్న ఫారాలను యంత్రానికి ఇచ్చేవాళ్లం.

నా ఉద్యోగంలో తరువాత చాలా పనులు చేశాను. ఎన్నో కమిటీల్లో కూర్చున్నాను. వెనుకబడిన పిల్లల ప్రవేశాల గురించి పెద్ద పెద్ద మాటలున్న నివేదికలు రాశాను. వాటిలో ఏ ఒక్కటీ ఆ ఖాకీ కవరంత పని చేయలేదని నిజాయితీగా చెప్పగలను. ఆ అమ్మాయి తరువాత బి.ఎడ్. చేసి, ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరయింది. ఆమె పంపిన పిల్లలు ఏటా ఒకరో ఇద్దరో మా కిటికీకి వచ్చేవారు. వాళ్ల పేర్లు జాబితాలో చూసినప్పుడల్లా, నేను పుట్టిన ఇంటికి నేను చేయవలసినది కొంతైనా చేశానన్న తృప్తి కలిగేది. ఆ తృప్తి ఈనాటికీ ఉంది. అయితే నేను సంతకం చేసి పంపేసిన ఆ మొదటి రెండు కట్టల్లో ఎవరెవరున్నారో నాకు తెలియదు. వాళ్లూ ఇప్పుడు నడివయసు దాటుతూ ఉంటారు. బస్సులో అపరిచితులైన ఎవరైనా, చిన్నప్పుడు బాగా చదివేవాడినండీ, ఎందుకో సీటు రాలేదు అని మాటల్లో అన్నప్పుడు, ఏ ఏడాదండీ అని అడగబోయి మానేస్తాను.

ఇప్పుడు అంతా ఆన్‌లైను. నాకు దాని మీద ఫిర్యాదు లేదు. పూలు దించి మూడు బస్సులు మారి రావలసిన అవసరం ఏ తల్లికీ లేదు. ఫారం చిరగదు, తడవదు, ఎవరి చేతి మరకా దానికి అంటదు. తప్పు ఏదైనా ఉంటే ఫోనుకు ఒక వాక్యం వస్తుంది, తిరస్కరించబడినది అని. మా కాలంలో రాసిన మాటే. కాని ఆ మాట కింద సంతకం ఉండదు. అది ఎందుకు తిరస్కరించబడిందో తెలుసుకోవాలని ఒక తల్లి మూడు రోజులు వరసగా వచ్చి నిలబడడానికి ఈనాటికీ సిద్ధంగానే ఉంటుంది. ఏ కిటికీ ముందు నిలబడాలమ్మా అని ఆమె నన్ను అడిగితే, ముప్పై ఏళ్లు ఆ పనే చేసిన నేను కూడా ఇప్పుడు చెప్పలేను.